విడాకుల కాగితానికి మూడు ముద్రలు

నోటరీ గది ముందు బెంచీ మీద కూర్చున్న లిఫ్ట్ మెకానిక్, ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. చూసి రెండేళ్ళయింది. అంతకుముందు మూడేళ్ళు ఆమె అతని భార్య.

"టైముకే వచ్చారే!" అన్నాడు.

"కళ్ళజోళ్ళ షాపులో ఒక్కపూటే సెలవిచ్చారు. త్వరగా తెమల్చండి."

ఆ 'మీరు' ఇద్దరి నోటికీ కొత్త. కాపురమున్నన్నాళ్ళూ ఒకరినొకరు 'నువ్వు' అనే పిలుచుకున్నారు.

అతనికి విదేశంలో లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడే స్థిరపడటానికి అనుమతి కావాలంటే విడాకుల తీర్పు చూపించమన్నారు. పాస్‌పోర్టులో ఇంకా భార్య పేరుంది మరి. ఉత్త తీర్పు చాలదు. ఒరిజినల్ చూపించి నకలు మీద నోటరీ ముద్ర, ఆ దేశపు భాషలోకి తర్జుమా చేయించి రెండో ముద్ర, ప్రభుత్వ ఆఫీసులో మూడోది. గది మారినప్పుడు అతని ఒరిజినల్ ఎక్కడో పోయింది. ఆమె దగ్గరున్నది మడత నలగకుండా ఉంది.

"అత్తయ్య ఎలా ఉన్నారు?" అని నాలిక కరుచుకున్నాడు. "అదే, మీ అమ్మగారు."

"బాగుంది. ఆవిడకి మీరింకా అల్లుడే. మిక్సీ పాడైనప్పుడల్లా తలుచుకుంటుంది."

"నేను బాగుచేసేది లిఫ్టులండీ!"

"ఆ ముక్క మూడేళ్ళు చెప్పీ చెప్పీ ఓడిపోయాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వినందుకు ఇబ్బందిపడి చెరో గోడా చూశారు.

"భార్యాభర్తలా?" అన్నాడు నోటరీ.

"కాదండీ" అన్నారు ఒకేసారి. "ఈ కాగితం అందుకేనండీ" అన్నాడతను. నోటరీ ఇంకేమీ అడక్కుండా ముద్ర కొట్టాడు.

తర్జుమా చేసే పెద్దావిడ పక్కవీధిలో మేడ మీద ఉంటుంది. ఆవిడ కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీదికి జారిపోతోంది. మాజీ భార్య చూసి ఊరుకోలేకపోయింది. "ఇలా ఇవ్వండమ్మా" అని తీసుకుని, రెండు కొమ్ములూ కాస్త వంచి, తుడిచి పెట్టింది.

"నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ!" అని పెద్దావిడ కాగితం చదివి ఒకచోట ఆగింది. "ఇక్కడ 'మనస్పర్థల కారణంగా' అనుంది. వాళ్ళ భాషలో దీనికి రెండు మాటలున్నాయి. అస్తమానం పోట్లాడుకునేవాళ్ళకి ఒకటి, స్వభావాలు కలవనివాళ్ళకి ఒకటి. మీది ఏది?"

"పోట్లాటలేం లేవండీ" అన్నాడతను.

"స్వభావాలా మరి?"

"కలవకపోవడమేం లేదు" అందామె మెల్లగా.

"మరెందుకు విడిపోయారర్రా?"

అతను మాజీ భార్య వైపు తిరిగాడు.

"ఏదో ఒకటి రాయమనండి" అన్నాడతను.

"మీ ఇష్టం" అందామె. అన్నాక గతుక్కుమంది.

వాళ్ళ కాపురాన్ని చెదపురుగులా తినేసిన మాట అది. ఆరునెలలు దూరపు సైటుకి వెళ్ళనా అని అతనంటే, నీ ఇష్టం అంది. అమ్మ దగ్గర నాలుగు రోజులుండి రానా అని ఆమె అంటే, నీ ఇష్టం అన్నాడు. నాలుగు రోజులు మూడు నెలలయ్యాయి. చివరికి లాయరు అడిగినప్పుడు అతని ఇష్టం అని ఆమె, ఆమె ఇష్టం అని అతను అన్నారు. లాయరు ఇద్దరి ఇష్టమూ తీర్చేశాడు.

పెద్దావిడ స్వభావాలే రాసింది.

ప్రభుత్వ ఆఫీసులో కాగితాలన్నీ తీసుకుని నాలుగింటికి రమ్మన్నారు. బయట వాన. ఎదురుగా ఉన్న షాపు చూరు కింద నిలబడ్డారు. జల్లు పక్కవాటుగా కొడుతూ ఇద్దరినీ అడుగడుగు దగ్గరికి జరిపింది.

"సైటుకి వెళ్తానన్నప్పుడు వద్దని ఒక్కమాట అనలేకపోయారా?" అన్నాడు ఉన్నట్టుండి.

"బూట్లు తొడుక్కుని అడిగావు! అలా అడిగితే ఏమంటారెవరైనా?" 'మీరు' వానలో కొట్టుకుపోయింది.

"నీకోసం రెండుసార్లు మీ వీధి మలుపు దాకా వచ్చాను, తెలుసా?"

"మలుపు దాకా వస్తే నాకెలా తెలుస్తుంది? గుమ్మం దాకా రావాలి!"

"వస్తే మాత్రం వచ్చేదానివా?"

"సంచీ సర్దుకునే కూర్చున్నాను. ఆ మూడు నెలలూ సర్దిన సంచీలోంచే చీర తీసి కట్టుకున్నాను, రోజూ!"

పక్కన వాన తగ్గాలని చూస్తున్న ముసలాయన మొహమాటంగా అటు తిరిగాడు. అయిదేళ్ళ పరిచయంలో వాళ్ళిద్దరి మొదటి పోట్లాట అది.

అతని గొంతు తగ్గింది. "ఉండిపోనా? శుక్రవారం టికెట్టు. చింపేస్తాను."

ఆమె తడిసిన కొంగు చివర పిండుకుంది.

"నెల కిందట ఒకాయన నన్ను పెళ్ళిచూపులకొచ్చి చూశారు. స్కూల్లో లెక్కలు చెప్తారు. 'మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, నేనేమీ అనుకోను' అన్నారు. నేను చెప్పేదాకా కాఫీ ముట్టలేదు."

"ఏం చెప్పావు?"

"ఇష్టమే అన్నాను. అబద్ధమాడలేదు. మంచి మనిషి."

"నెల కిందట" అన్నాడతను, ఆ మాటలోనే ఏదో సందు దొరుకుతుందన్నట్టు.

"నీ ఒక్కడిదే తప్పు కాదు. గుమ్మం దాటి నేను మాత్రం వచ్చానా?" కళ్ళు తుడుచుకుంది. "నువ్వెళ్తుంటే బాధగా ఉంది. అది కూడా నిజమే. అక్కడైనా మాటలు మింగెయ్యకు."

బస్సొచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని పరిగెత్తి ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగేదాకా అతను తడుస్తూ నిలబడ్డాడు.

నాలుగింటికి కౌంటర్లో గుమస్తా మూడు ముద్రలూ పడ్డ కాగితం ఇచ్చాడు. ఇంకో కాగితం చేతిలోనే పెట్టుకున్నాడు.

"ఇది ఒరిజినలు. ఆవిడది. ఏరీ?"

"మర్చిపోయి వెళ్ళిపోయినట్టున్నారండీ." పెళ్ళి రిజిస్టరు చేయించుకునేటప్పుడు ఆమెకూ ఇది కావాలని అప్పుడు తట్టింది. "నేను పోస్టులో పంపేస్తాను."

"అలా ఇవ్వకూడదు. సరే, పాపం ఆవిడెందుకు మళ్ళీ తిరగడం! ఇక్కడ సంతకం పెట్టి తీసుకోండి." గుమస్తా రిజిస్టరు ఇటు తిప్పి ఒక గడి మీద వేలు పెట్టాడు. "ఆవిడ మీకేమవుతారో ఇక్కడ రాయండి."

అతను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక లైన్లో ఎవరో దగ్గారు.

'తెలిసినావిడ' అని రాసి, కింద సంతకం పెట్టాడు.