కొర్లమ్మ మోసిన సముద్రం

మొదటి గంట మోగేలోపు దమయంతి చెయ్యవలసిన పనులు ఇవి. పాదపలకలను ఉప్పునీటి గుడ్డతో తుడవాలి. మోతరుల చెవి వెనక బిళ్ళలు గట్టిగా అంటుకున్నాయో లేదో తడిమి చూడాలి. ఒక్కొక్కరి ముందూ వేలు ఆడించి, కన్ను నిలుస్తోందా ఊగుతోందా గమనించాలి. గంజి అందరికీ అందేలా చూడాలి. పలక ఎక్కాక తినడం కుదరదు. బక్కెట్లు కడిగి వరసగా పెట్టాలి. వాతావరణ గది నుంచి వచ్చిన అలల అంచనా చదివి, పై అంతస్తుల తూలును ఎవరికెంతో పంచాలి. ఎవరినీ ‘ఎలా ఉంది’ అని అడగకూడదు.

ఆ చివరిది నిబంధనల్లో ఎర్రక్షరాలతో ఉంది. అడిగితే చెప్తారు. చెప్తే రాసుకోవాలి. రాసుకుంటే పలక మీంచి దింపాలి.

గంట మోగింది. నిలుపుగదిలో మోతరులందరూ చెప్పులు విడిచి పలకలెక్కారు. పైన ప్రయాణికులు ఒక్కొక్కరే నిద్ర లేస్తున్నారు. ఓడ ఒక పక్కకి ఒరిగి, మెల్లగా లేచింది. గది మొత్తం ఒక్కసారి గుటక మింగింది.

“ఓర్నాయనో, ఎవుడో పొద్దున్నే రొయ్యల ఏపుడు తినేసినట్టున్నాడు,” అన్నాడు తాతారావు, బక్కెట్టు దగ్గరికి జరుపుకుంటూ. “తిన్నది ఆడు, కక్కేది నాను. ఇదేటి నాయమో!”

“రుసైనా అంపమని అడగలేకపోయావా?” అంది పక్క పలక మీది కొర్లమ్మ. “కక్కుడొక్కటే అంపుతారేటి, ముదనట్టపోళ్ళు.”

నవ్వులు లేచాయి. ఓడ మళ్ళీ ఒరగగానే ఆగిపోయాయి.

‘అనంతసుఖ’ రేవు వదిలి ఇది మూడో పొద్దు. భూగోళాన్ని చుట్టి రావడానికి ఏడాది పట్టే విహారయాత్ర. ‘సముద్రం కనబడుతుంది, తగలదు’ అని ఓడ రెండు పక్కలా మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. తగలాల్సిన సముద్రం ఎక్కడికి పోతుందో రాసి ఉండదు. ఓడ ఊగినప్పుడు పైవాళ్ళ చెవుల్లో పుట్టే తల తిరుగుడూ, కడుపులో దేవడమూ, చల్లటి చెమటా, ఆ తూలంతా వాళ్ళ చెవి బిళ్ళల్లోంచి దిగి, ఇక్కడ పలకల మీద నిలబడ్డవాళ్ళ ఒళ్ళల్లోకి ఎక్కుతుంది. నిలబడి ఉన్నంతసేపూ ఎక్కుతుంది. పాదం లేస్తే తెగుతుంది. అందుకే పాదం లేవకూడదు.

మోతరులందరూ ఒకే తీరం వాళ్ళు. సముద్రానికి అలవాటుపడ్డ ఒళ్ళు అని ఏరికోరి తెచ్చారు. పంచేవాళ్ళకీ మోసేవాళ్ళకీ మాట కలుస్తుందని ఆ తీరంలో మొదటి డిగ్రీ చదివిన దమయంతిని పంపకందారును చేశారు. ఆమె చదివింది కూడా శరీరం నిలకడ గురించే. ఆమె కూడా గది కొసన, మెట్టు మీద, బల్ల ముందు నిలబడే పని చెయ్యాలి. ఆమె కాళ్ళ కింద పలక లేదు. అంతే తేడా.

వరసగా కళ్ళు చూసుకుంటూ వచ్చి కొర్లమ్మ దగ్గర ఆగిపోయింది. వేలు ఆపినా ఆమె కన్ను ఆగలేదు. పక్కకి జారి, గభాల్న వెనక్కి లాగి, మళ్ళీ జారింది.

“అత్తా, దిగిపో,” అంది దమయంతి గొంతు తగ్గించి.

“ఏటే, పొద్దున్నే మొకం అలాగెట్టేవు?”

“కన్ను ఊగుతోంది. బాగోలేదని ఒక్క మాట చెప్పు, రాసుకుని దింపేస్తాను.”

కొర్లమ్మ నొసలు ముడిపడింది. “నీళ్ళ మీదున్నాం. నోటితో అనీ మాటేనా అది?”

దమయంతికి తెలుసు. ఆ తీరంలో తెప్ప నీళ్ళలో పడ్డాక ఎవరూ ‘బాగోలేదు’ అనరు. గంగమ్మ వింటుంది. మగవాళ్ళంతా వలసపోయి ఆడవాళ్ళు తెప్పలెక్కిన కాలంలో కొర్లమ్మ జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ వల లాగింది గానీ ఆ మాట అనలేదు. కొలువుకు ఎంపిక చేసినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పి, ‘తల తిరుగుతోందా’ అని అడిగారు. రేవులో కట్టిన ఓడలోనే అడిగారు, అంటే నీళ్ళ మీదే. వచ్చినవాళ్ళందరూ ‘లేదు’ అన్నారు. కొర్లమ్మ నవ్వుతూ అంది. లెక్క కట్టే యంత్రం నమ్మింది. ఓర్పుకి వేసే అంకె, ఓర్పంకె, అందరిలోకీ పెద్దది ఆమెకిచ్చింది. ఎక్కువ ఓర్పంకె ఉంటే ఎక్కువ వంతు.

“నాను దిగితే నా వొంతు ఎవుల మీద పడతాది?” అడిగింది కొర్లమ్మ.

దమయంతి ఆమె చెవి వెనక బిళ్ళను సరిచేసింది.

“సెప్పవే, సదువుకున్నదానివి.”

“అందరి మీదా.”

“మరింకేటి. ఎల్లి నీ పని సూసుకో.”

సౌఖ్యాధికారి నిరంజన్ మధ్యాహ్నం దిగి వచ్చాడు. గుమ్మం దాటడు, అక్కడే నిలబడి అత్తరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. ఆయన చెవి వెనక కూడా బిళ్ళ ఉంది. ఆయన తూలు కూడా ఇక్కడికే దిగుతుంది.

“సాయంత్రం కెప్టెన్ గారి స్వాగత విందు,” అన్నాడు. “అదే టైముకి అల పెరుగుతుందట. ఓర్పంకె ఎక్కువున్నవాళ్ళకి ఒకటిన్నర వంతు వెయ్యండి.”

“కొర్లమ్మ గారిని దింపాలి సార్. కన్ను నిలవడం లేదు.”

“తనేమన్నా చెప్పిందా?”

“చెప్పదు సార్. చెప్పకపోవడం మావాళ్ళ ఆచారం. ఆ ఓర్పంకెలన్నీ తప్పు. మొదటి రోజే మీకు చెప్పాను.”

“ఆచారాల్ని లెక్కలోకి తీసుకునే మీట లేదండీ నా దగ్గర.”

దమయంతి గుమ్మం దాకా వచ్చింది. “ఇంకో దారి ఉంది సార్. పైవాళ్ళ తూలులో కొంచెం వాళ్ళకే వదిలేద్దాం. మూడు రోజులు భరిస్తే ఏ ఒళ్ళైనా సముద్రాన్ని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరూ మొయ్యక్కర్లేదు. మనం ఆ మూడు రోజులూ వాళ్ళకి తగలనివ్వకపోతే వాళ్ళ ఒళ్ళు ఏడాదైనా నేర్చుకోదు. వీళ్ళు ఏడాదంతా మొయ్యాలి.”

నిరంజన్ ఆమెను జాలిగా చూశాడు. “దమయంతి గారూ, వాళ్ళు నేర్చుకోడానికి రాలేదు. విహారానికి వచ్చారు. విందులో ఒక్కరు నుదురు పట్టుకున్నా ఫోను నాకొస్తుంది. మీక్కాదు.”

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అత్తరు వాసన మాత్రం ఉండిపోయి ఇద్దరికి వాంతి తెప్పించింది. దమయంతి బల్ల దగ్గరికి వెళ్ళి, చెప్పినట్టే, కొర్లమ్మ పేరు ఎదురుగా ఒకటిన్నర వేసింది. పని కాబట్టి వేసింది. పని అన్న మాట మీద ఆమెకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

పొద్దు వాలేసరికి అల లేచింది. బల్ల పక్క తెరలో పై అంతస్తు కనిపిస్తోంది. దీపాలు, పట్టుబట్టలు, పళ్ళేలు. నేల వాలినప్పుడల్లా జనం కేరింతలు కొడుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు, ఊయల ఎక్కిన పిల్లల్లా. ఒకాయన వాలిన నేల మీద చిందేసి చూపించాడు. చప్పట్లు.

కింద బక్కెట్లు చాలలేదు. తాతారావు జోకులు ఎప్పుడో ఆగిపోయాయి. కొర్లమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, రెండు చేతులూ తెడ్డు పట్టుకున్నట్టు ముందుకు పెట్టి నిలబడింది.

పెద్ద అల వచ్చింది. పైన కేరింత లేచింది. కొర్లమ్మ నిలువునా, కట్టె పడ్డట్టు పడింది. తల పలక అంచుకి తగిలిన చప్పుడు గది ఆ చివరిదాకా వినపడింది.

తాతారావు పాదం లేపబోయాడు. “ఎవరూ కదలవద్దు,” అంది గోడలోంచి తియ్యటి గొంతు. దమయంతి బల్ల మీద వెలుగు మారింది. ‘ఒక స్థానం ఖాళీ. ఆ వంతును మిగిలినవారికి ఇప్పుడే పంచు. కాసేపట్లో పంచు.’ రెండే మీటలు. మూడోది పెట్టాలన్న ఆలోచన ఆ యంత్రం కట్టినవాళ్ళలో ఎవరికీ రాలేదు.

ఆమె వేలు మీట మీదికి దానంతటదే వెళ్ళింది. మూడు రోజుల అలవాటు. వెళ్ళి ఆగింది.

తెప్ప మీద ఒకరు పడితే పట్టుకోడానికి ఎవరూ లేవకూడదు. లేస్తే తెప్ప తిరగబడుతుంది. ఉన్నవాళ్ళందరూ ఉన్నచోటే చటుక్కున కూర్చోవాలి. తీరంలో నడక కంటే ముందు పిల్లలకి నేర్పేది ఇదే. దమయంతికి నేర్పింది, అక్కడ నోట్లోంచి నెత్తురు కారుతూ పడున్న ఈ మనిషే.

“కూకోండి!” అని అరిచింది దమయంతి. ఆ గొంతు ఉద్యోగంలో చేరాక ఎవరూ విన్నది కాదు. “ఒకలు పడ్డారు! కూకోండ్రా!”

ముందు తనే కూర్చుంది, మెట్టు దిగి, బల్లకి చేరువలోనే వాంతి తడిలో, కొర్లమ్మ తల ఒళ్ళోకి తీసుకుని. తర్వాత తాతారావు కూలబడ్డాడు. ఆ తర్వాత ఆలోచించుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. పాదాలు పలకలు వదిలాయి. గది మొత్తం కూర్చుంది.

మోసేవాళ్ళు లేకపోయేసరికి తూలు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.

తెరలో చిందేస్తున్న ఆయన ఆగి, పొట్ట పట్టుకున్నాడు. ఆయన ముఖంలో బాధ కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది, ఇదేమిటో తెలియనివాడిలా. తర్వాత కేరింతలన్నీ ఒక్కసారే ఆగాయి. పట్టుబట్టలు బల్లల కిందికి వంగాయి. సముద్రం ఓడలోకి మొదటిసారి ఎక్కింది.

బల్ల మీద ఫోను మోగింది. దమయంతి చెయ్యి చాచి అందుకుంది.

“ఏం చేశారు మీరు? లేపండి వాళ్ళని... వెంటనే... నాకు...” నిరంజన్ గొంతు మధ్యలో తెగింది. ఏదో చిమ్మిన చప్పుడు.

“దేవుతోందా సార్?” అంది దమయంతి. “మూడు రోజులు. ఒళ్ళు నేర్చుకుంటుంది.”

ఫోను పెట్టేసింది. గోడలో గొంతు లెమ్మని చెప్తూనే ఉంది. ఎవరూ లేవలేదు.

ఒళ్ళో కొర్లమ్మ కళ్ళు తెరిచింది. అవి ఇంకా జారుతున్నాయి.

“ఎవులు పడ్డారే?”

“నువ్వే అత్తా.”

“అందరూ కూకున్నారేటి?”

“కూకున్నారు.”

కొర్లమ్మ తల తిప్పి, కూర్చున్న వరసలన్నీ చూసింది. తర్వాత, తన బతుకులో నీళ్ళ మీద ఎన్నడూ అనని మాట అంది.

“బాగోలేదే, దమయంతీ.”

దమయంతి రాసుకోలేదు. ఆ మాట వినడానికి రాత అక్కర్లేదు.

ఆ కళ్ళు మళ్ళీ నిలవలేదు. తర్వాతి రేవులో ఆమెను దింపేశారు, ‘ఓర్పు చాలలేదు’ అని కారణం చెప్పి. ఇప్పుడు ఆమెకు నేల కూడా ఊగుతుంది. కాబట్టి ఎక్కడైనా రేవులో, పట్టపగలు, గోడ పట్టుకుని ఒరుగుతూ నడిచే ముసలామె మీకు ఎదురైతే తాగిందని తప్పుకోకండి. మీరో, మీవాళ్ళో ఏనాడైనా అల తెలియకుండా ఓడలో నిద్రపోయి ఉంటే, ఆ అల ఆమె ఒంట్లోనే ఉంది. ఆమె పేరు మైలపల్లి కొర్లమ్మ. గుర్తుంచుకోండి.