రెండు లేబుళ్ల సీసా

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ 2.22కి పడిపోయాడు. 2.40కి ప్రాణం పోయింది. మూడింటికల్లా హంతకుడు కూడా దొరికేశాడు. క్యాంటీన్ వంటాయన.

పేదవాడు చేతికందుతుంటే దర్యాప్తుకి ఎంతసేపు పడుతుంది!

4.15కి లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. స్టేషన్లో ఆమెని కందిరీగ అంటారు. వెనకాలే లెండి.

ప్యాకింగ్ హాలు. కాఫీ లిక్కర్ సీసాల వరసలు. కొత్త బ్యాచ్ దిగితే మొదటి సీసాని షిఫ్ట్ దిగినవాళ్లు పంచుకోవడం ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ. ఆ సీసా, గ్లాసులు, తెల్లమూత బిస్కెట్ల డబ్బా బల్ల మీద అలాగే ఉన్నాయి.

"అతనికి బాదం పడదండి. చేరినప్పుడే ఫారంలో రాశాడు," అన్నాడు మేనేజర్. "ఈ వంటాయన బాదం బిస్కెట్లు పెట్టాడు."

"తినడం చూశారా?"

"నా కళ్లముందే. డబ్బా తనే తీశాడు. రెండు నోట్లో వేసుకున్నాడు."

"ఎన్నింటికి?"

"రెండూ పదికి."

వంటాయన బేడీల చేతులెత్తాడు. "తల్లీ, పదేళ్లుగా వాడి పళ్లెం విడిగా కడుగుతున్నా. ఇవి బాదంవిరా, ముట్టుకోకు అని చెప్పాను. 'బాబాయ్, నన్ను చంపుతావా ఏంటి' అని నవ్వాడు కూడా."

లేబులింగ్ మిషన్ పక్కన స్టూలు మీద చనిపోయినవాడి అక్క. ఆ మిషన్ నడిపేది ఆమే. కళ్లు పొడిగా ఉన్నాయి.

"మీ తమ్ముడు చూసుకోకుండా తినేస్తాడా అమ్మా?"

"వాడా! ఉప్పు ప్యాకెట్టయినా చదివి గానీ విప్పడండి. చుట్టాలింటికెళ్తే చెత్తబుట్టలో రేపర్లు వెతికేవాడు. పరువు తీసేవాడనుకోండి."

"ఇవాళ చేతులు కడుక్కున్నాడా?"

"ఎక్కడ! బండి చైన్ బిగించి అట్నుంచటే వచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. గ్లాసు మీద నల్లటి గ్రీజు. సీసా మీదా గ్రీజే, వెనక లేబుల్ అంచున బొటనవేలి ముద్ర. చదివాకే తాగాడు.

డబ్బా మూత చూసింది. పాలలా తెల్లగా ఉంది. లేబులింగ్ మిషన్ మీద రోలు లేదు, దాని వెనకున్న గదికి తాళం వేసి ఉంది.

"ఆ గది తాళం ఇవ్వండి."

"అది ఎక్స్‌పోర్ట్ స్టోరండి. దానికీ దీనికీ..."

"తాళం."

లోపల లేబుల్ రోలు. సీసా మీదున్న బ్యాచ్ నంబరే దాని మీదా ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని అక్క ముందు పెట్టింది.

"ఇది అంటించేది మీరేనా?"

"నేనే. విదేశాలకి పోయే సీసాలకి."

"ఏం రాసుంది?"

"వాళ్ల భాషలు నాకేం తెలుసండీ?"

"బాదం ఉంది అని. మూడు భాషల్లో. లావు అక్షరాల్లో. మీ తమ్ముడు చదివిన లేబుల్లో ఉన్నది 'సహజ రుచులు' అని, అంతే."

అక్క తన చేతుల్ని చూసుకుంది. ఆరేళ్లుగా ఎవరెవరి తమ్ముళ్లనో కాపాడిన చేతులు.

మేనేజర్ గొంతు పెంచాడు. "మేడమ్, ఒక్కో దేశానికి ఒక్కో రూలు. అక్కడి చట్టం రాయమంటుంది, రాస్తాం. ఇక్కడి చట్టం అడగదు. మేం ఏ రూలూ తప్పలేదు."

"అక్కడివాళ్లది గొంతు, ఇక్కడివాళ్లది గొట్టమా?" ఇన్‌స్పెక్టర్ మూత ఎత్తి చూపించింది. "ఆ చేతులతో డబ్బా తీస్తే ఇది మసిబారేది. అతను తీయలేదు. మీరు అబద్ధం చెప్పారు. గ్లాసులో పోసిందెవరు?"

"సారే," అంది అక్క.

"గుర్తు లేదండి... అతని సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు," అన్నాడు మేనేజర్.

"పోసేటప్పుడు మర్చిపోయారు. పడిపోగానే గుర్తొచ్చింది. రోలు లోపల పెట్టి తాళం వేశారు, వంటాయన్ని పట్టించారు. లేబుల్ కేసు కాదు సార్ మీది. నిర్లక్ష్యంతో ప్రాణం తీశారు, సాక్ష్యం దాచారు." కానిస్టేబుల్ వైపు తిరిగింది. "ఆ బేడీలు విప్పి ఈయనకి వెయ్."

అక్క లేచింది. అట్టపెట్టెల మీద రాసే నల్ల మార్కర్ అందుకుంది. వరసలో మొదటి సీసా మీద తన భాషలో, ఇంత లావున రాసింది: బాదం ఉంది.

రెండో సీసా. మూడోది.

"ఏయ్! సరుకు పాడు చేస్తావా? మేడమ్, ఆపండి దాన్ని! ఏ రూల్లో ఉంది అలా రాయమని?"

"రాయమని లేదన్నారుగా మీరే," అంది ఇన్‌స్పెక్టర్. "రాయొద్దని మాత్రం ఎక్కడుంది?"

వంటాయన మణికట్లు రుద్దుకుంటూ వచ్చి ఇంకో మార్కర్ తీశాడు.

"ఆ వరస నువ్వు చూడమ్మా. ఇది నేను చూస్తా."