ఐదు వోల్టులు ఎటు పోయాయి?

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద ఆగిన కారులో నిఘా సంస్థ అధికారి కౌసల్య మేడం ఏజెంట్ వీరేందర్‌కు ఒక ఫొటో చూపించింది.

"క్రామర్. విదేశీ ముఠా నాయకుడు. శంషాబాద్ పక్కన ఫామ్‌హౌస్‌లో మకాం. ఈ సాయంత్రం మన శాస్త్రవేత్తల విమానం దిగుతోంది. దొంగ సిగ్నల్‌తో దారి తప్పించి కూల్చాలని ప్లాన్."

"ట్రాన్స్‌మిటర్ అక్కడే ఉందా?"

"నువ్వు కళ్లతో చూసి చెప్పాలి. ఆ ఇంటికి కరెంటు లైను లేదు, అంతా సోలారే. ఇన్వర్టర్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మెకానిక్‌కు ఫోన్ చేశారు. ఆ కాల్ మనకు చిక్కింది. మెకానిక్‌వి నువ్వే."

మేడం రెండో ఫొటో తీసింది. వీరేందర్ దాన్ని లాక్కుని చూశాడు. ప్రియదర్శిని! క్రామర్ భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది.

"ముఠాలోకి ఈమెను మనమే పంపాం. కొన్నాళ్లుగా కబురు లేదు. అటు తిరిగిపోయి ఉంటే ఆమెకూ బేడీలే."

"సంతోషంగా వేస్తాను," అన్నాడు వీరేందర్. ఒకప్పుడు ఆమె దగ్గర పెళ్లిమాట ఎత్తబోయి మింగేసినవాడు మరి.

ఖాకీ చొక్కా, టూల్ బ్యాగుతో వెళ్లేసరికి కాపలా ఉండే ఈరమ్మ గేటు తీసింది.

"జల్ది రా అన్నా! మిషిన్ కుయ్‌మని ఒర్లి బంద్ అయితుంది. సారు పరేషాన్‌ల ఉన్నడు."

"ఫికర్ చెయ్యకక్కా, చూస్త."

లోపల సోఫాలో క్రామర్. పక్కనే మెరూన్ చీరలో, అదే రంగు గోళ్లతో ప్రియదర్శిని. అతను చెవిలో ఏదో గొణిగాడు. ఆమె కిలకిలా నవ్వింది. వీరేందర్ ఆమెనే గుర్రుగా చూశాడు.

"గట్ల చూస్తవేంది? ఇన్వర్టర్ ఆ గదిల ఉంది," అంది, ముక్కూమొహం ఎరగనట్టు.

గదిలో బ్యాటరీల పక్కనే యాంటెనా బిగించిన ట్రాన్స్‌మిటర్! వీరేందర్ చేతిలోని మీటర్ మీద బటన్ నొక్కాడు. మేడంకు సంకేతం వెళ్లిపోయింది. కమాండోలు చేరేదాకా నిలదొక్కుకోవాలి.

"అక్కా, బోరు మోటార్ వెయ్యి," అని ఈరమ్మకు కేకేశాడు.

మోటార్ అందుకుంది. బ్యాటరీ దగ్గర ఇరవై ఐదు వోల్టులు. అదే వైరు ఇన్వర్టర్‌లో దూరేచోట ఇరవై. మరుక్షణం కుయ్‌మంటూ ట్రిప్. బ్యాటరీలు భేషుగ్గా ఉన్నాయి. మరి దారిలో ఐదు వోల్టులు ఎవరు మింగారు? వైరంతా తడిమాడు. బ్యాటరీ బోల్టు దగ్గర చెయ్యి చురుక్కుమంది. మెయిన్ స్విచ్ ఆపి, బోల్టు విప్పాడు.

వైరు కొసన బిగించిన రాగి బిళ్లకు మెరూన్ నెయిల్ పాలిష్ పూసి ఉంది. ఆ పొర కరెంటుకు అడ్డం. అక్కడక్కడా మాత్రమే రాగి మెరుస్తోంది.

వీరేందర్ చెయ్యి ఆగిపోయింది. ఇది పాడవలేదు. పాడుచేశారు. మెకానిక్‌ను పిలిపించడానికి!

మెడకు చల్లగా పిస్టల్ తగిలింది. "అయిందా?" ఇంగ్లిష్‌లో గద్దించాడు క్రామర్. అతని వెనకే ప్రియదర్శిని.

పాలిష్ గీకకుండానే బోల్టు బిగించి స్విచ్ వేశాడు వీరేందర్. ఫ్యాన్ తిరిగింది. లైటు వెలిగింది. చిన్న లోడుకు ఆ కాస్త రాగి చాలు. మోటార్, ట్రాన్స్‌మిటర్ లాంటి పెద్దవాటికి చాలదు.

"మోటార్ కూడా వేయించు," అన్నాడు క్రామర్.

"మోటార్ వేస్తే బ్యాటరీ దిగిపోతది," వీరేందర్ ప్రియదర్శిని కళ్లలోకి చూశాడు. "నీ ఇష్టం మేడం. చెప్పు సారుకు."

ఆమె ఒక్క మాట మారిస్తే అతని ప్రాణం పోతుంది.

ఆమె ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పి, పైన ఇంకో మాట కలిపింది: "విమానానికి దాచుకుందాం, డార్లింగ్."

ప్రాణం నిలిచింది. కానీ ఆ 'డార్లింగ్' వీరేందర్‌ను బుల్లెట్ కన్నా గట్టిగా తాకింది.

ఆకాశంలో హోరు మొదలైంది. క్రామర్ ట్రాన్స్‌మిటర్ స్విచ్ వేశాడు. ఎర్రలైటు మిణుక్కుమంది. ఇన్వర్టర్ కుయ్‌మని అరిచి చచ్చిపోయింది. విమానం ఇంటికప్పు మీదుగా రన్‌వే వైపు సాఫీగా సాగిపోయింది.

క్రామర్ పిస్టల్ ఎత్తాడు. ప్రియదర్శిని డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌తో అతని మణికట్టు మీద మోదింది. తూటా గోడకు తగిలింది. వీరేందర్ అతని మీద పడి నేలకు అదిమాడు, అవసరమైన దానికన్నా రెండు గుద్దులు ఎక్కువే వేశాడు. అప్పటికి కమాండోలు గోడ దూకారు.

"నా ఫోన్ గుంజుకున్నడు," అంది ప్రియదర్శిని రొప్పుతూ. "ఈ ఇంటి ఫోన్ మనోళ్లు వింటరని తెలుసు. ఆ పాలిష్ పూసుడు గాక ఇంకెట్ల పిలవాలె?"

"మరి ఆ డార్లింగ్?"

"డ్యూటీ."

"చెవుల గుసగుసలు?"

"అదీ డ్యూటీనే. ఇగ నడువు."

బయట వ్యాన్‌లో ప్రియదర్శిని కూర్చుంది. బేడీలేసిన క్రామర్‌ను కమాండో అటే తెచ్చాడు.

"వేరే బండిల ఎక్కించు," అన్నాడు వీరేందర్.

"ఇందుల మస్తు జాగ ఉంది గద సార్?"

వీరేందర్ ఆమె పక్కన కూర్చుని తలుపు లాక్కున్నాడు.

"లేదు."