బ్యారెల్ కింద చుక్క

చీఫ్ తన బల్ల మీద ఒక తూటాను నిలబెట్టాడు. అది చిటికెన వేలి కొసకన్నా పెద్దదేమీ కాదు.

"ఇరవై రెండు బోర్ రిమ్‌ఫైర్. పిల్లలు గురి నేర్చుకునే రకం. కిందటి నెల పొరుగు దేశంలో ఒక మంత్రిని చంపింది. షూటింగ్ రేంజ్‌లో, మూడు వందల మంది మధ్యన. ఎవరూ చప్పుడు వినలేదు."

వినకేం, అందరూ విన్నారు. చుట్టూ నలభై రైఫిళ్లు పేలుతుంటే నలభై ఒకటో పేలుడు ఎవడి చెవికి ఆనుతుంది?

ఏజెంట్ ఆకురాయి తూటా వైపు చూశాడు గాని ముట్టుకోలేదు. ఆ పేరు డిపార్ట్‌మెంట్ పెట్టింది. ఈ ఉద్యోగంలోకి రాకముందు అతను తుపాకుల మేస్త్రి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ రెండూ ఉన్నవాణ్ణి గూఢచారిని చెయ్యడం తేలికని చీఫ్ పదకొండేళ్ల కిందటే కనిపెట్టాడు.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. వచ్చే ఆదివారం షూటింగ్ ఛాంపియన్‌షిప్ మొదలవుతుంది. ముఖ్య అతిథి ఒక రాయబారి. మర్నాడు ఆయన ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకూడదని ఒక విదేశీ ముఠా కోరిక. పని అప్పజెప్పింది ఒక ఛాంపియన్ షూటర్‌కు. చీఫ్ ఫోటో తోశాడు. అందమైన మనిషి. మెడకు పట్టు స్కార్ఫ్.

"కోడ్‌నేమ్ నెమలి. డబుల్ ఏజెంట్. ఐదేళ్లుగా మన మనిషే. ప్లాన్ మొత్తం ఆమే చెప్పింది."

"మరైతే ఇప్పుడే పట్టుకోవచ్చుగా సార్?"

"దేనికని? పేలేదాకా అది ఆట సామానే. పేలితేనే నేరం. కాబట్టి పేలాలి, గురి తప్పాలి. ముఠా మనిషి ఒకడు కోచ్ వేషంలో ఆమె వెనకే నిలబడి బ్యారెల్ ఎటు తిరిగిందో చూస్తుంటాడు. ఆమె నిజంగానే గురిపెట్టక తప్పదు. తప్పాల్సింది రైఫిల్." చీఫ్ తూటాను పడుకోబెట్టాడు. "ఆ రైఫిల్‌ను అప్‌గ్రేడ్ చెయ్యడానికి క్లబ్బు మేస్త్రికిచ్చారు. మీ అన్నకి."

ఆకురాయి ఫోటోను వెనక్కి తోశాడు.

"ఆయనకు ఏ సంగతీ తెలియదు. కానీ కోర్టుకు తెలియాల్సింది ఒకటుంటుంది. రైఫిల్ తప్పితే మీ అన్న చేతకాని మేస్త్రి. తప్పకపోతే హంతకుల మేస్త్రి. ఏది కావాలో నీ చేతిలో ఉంది."

"అన్నకి చెప్పొచ్చా?"

"ఒక్క ముక్క కూడా వద్దు."

*

పదకొండేళ్లలో ఆకురాయి పదిహేడు వేషాలు వేశాడు. ఈసారి వేషం తన సొంత మొహమే. ఉద్యోగం ఊడిన తమ్ముడిలా చేతిసంచి పట్టుకుని క్లబ్బు గ్యాలరీ కింద ఉన్న వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

అన్న కళ్లద్దాల పైనుంచి చూశాడు. "సర్కారుకి కూడా బరువైపోయావా?"

"అయిపోయాను."

"చేతులు కడుక్కుని రా. పనుంది."

ఇంకేమీ అడగలేదు. ఎక్కడున్నావు, ఉత్తరం ముక్కయినా రాయలేదేం అని అడిగింది వదిన ఒక్కతే. అదీ గిన్నెలు తోముతూ, గిన్నెల్ని అడిగినట్టు అడిగింది.

షాపులో రెండు బల్లలు, వాటి మీద ఇనుమును బిగించి పట్టే వైసులు రెండు. తమ్ముడి వైసు మీద పదకొండేళ్ల దుమ్ము ఉండాలి. లేదు. వారానికోసారి నూనెగుడ్డతో తుడిచిన మెరుపుంది. ఇన్నేళ్లలో దాని ముందు ఇంకొకణ్ణి కూర్చోనిచ్చినట్టు లేదు. ఆకురాయి అదంతా చూశాడు, చూడనట్టు నూనెగుడ్డ అందుకున్నాడు.

నెమలి రైఫిల్ మంచిదే గాని బద్ధకపుది. అన్న దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి బల్ల మీద పరిచాడు. ముందు ట్రిగ్గర్. రెండు ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి జారే చోటును సానరాయి మీద అద్దంలా దిద్దాడు. లాగితే ఎండుపుల్ల విరిగినట్టు పుటుక్కుమనాలి, ముందూ వెనకా ఈడ్పు ఉండకూడదు. తర్వాత బ్యారెల్ మూతి. తూటా ఆఖరుసారి తగిలే అంచు అదే కాబట్టి అక్కడ వెంట్రుకంత సొట్టున్నా గుండు పక్కకు తూలుతుంది. లేత్ మీద ఆ అంచును కొత్తగా కోశాడు. ఆ తర్వాత తుపాకి కర్రలో గమ్ పోసి, తూటా పేలే ఉక్కు దిమ్మ కదలకుండా పడక కట్టాడు. ఆ దిమ్మ నుంచి ముందుకు బ్యారెల్ కర్రను ఎక్కడా తాకకూడదు. దానికి పరీక్ష ఒకటే. సన్నటి కాగితం ముక్కను బ్యారెల్ కింద పెట్టి మూతి నుంచి దిమ్మ దాకా లాగాలి. ఆగకుండా జారితే పని అయినట్టు.

చివరికి తూటాలు. ఒకే కంపెనీవి, ఎనిమిది లాట్లు. రైఫిల్‌ను వైసులో బిగించి ఒక్కో లాటు పదేసి కాల్చారు. ఏడు లాట్లు చెదిరాయి. ఎనిమిదోది ఒకదాని మీద ఒకటి పడింది.

"ఎందుకంటావు?" అన్నాడు ఆకురాయి.

"నాకేం తెలుసు? మనుషుల్లాగే. ఎవరికి ఎవరితో పొసుగుతుందో కాల్చి చూస్తే గాని తెలీదు."

శుక్రవారం నెమలి వచ్చింది. నూనె వాసన మధ్య సెంటు వాసన. అన్న వెంటనే చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. ఆమె తమ్ముడి బల్ల దగ్గర ఆగింది.

"నా వాచీ ఆగిపోయింది. చూస్తారా?"

"మేం తుపాకులే చూస్తాం మేడమ్."

"అయితే టైం నేనే చూసుకుంటాను."

కోడ్ సరిపోయింది. ఆమె రైఫిల్ ఎత్తి చెంపకు ఆనించుకుంది. పసిబిడ్డను ఎత్తుకున్నంత అలవాటుగా ఎత్తుకుంది. అన్న మొహం వెలిగిపోయింది. ఆమె వెళ్లాక, ఇన్నాళ్లకు పనితనం తెలిసిన మనిషి చేతిలో పడిందిరా అన్నాడు.

శనివారం మధ్యాహ్నం కోచ్ వచ్చి రైఫిల్‌ను పరీక్షించాడు. యాభై మీటర్ల దూరం నుంచి పది గుండ్లు కాలిస్తే అన్నీ కలిపి బొటనవేలి గోరు కింద దాక్కున్నాయి. కోచ్ తల ఊపాడు, నవ్వలేదు. క్లబ్బు రూలు ప్రకారం రైఫిల్ పొద్దున్న దాకా షాపు బీరువాలోనే ఉండాలి. ఆకురాయి ఎదురుచూస్తున్నది దానికోసమే. కోచ్ ఓకే చేశాక ఇక దాన్నెవరూ పరీక్షించరు. అన్న పద్ధతి అతనికి తెలుసు. ఒకసారి పని అయిందనుకున్న తుపాకిని అన్న మళ్లీ విప్పడు.

అన్న పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆకురాయి జేబులోంచి పెన్ను తీశాడు. అది పెన్ను కాదు, డిపార్ట్‌మెంట్ సిరంజి. అందులో అన్న వాడే రంగు గమ్మే ఉంది. బ్యారెల్ కింద, కర్ర గాడిలో, జానెడు లోపల ఒక్క చుక్క పెట్టాడు. అది పది నిమిషాల్లో రాయవుతుంది. నాలుగు గుండ్లకు బ్యారెల్ వేడెక్కి దాని మీద ఒరిగితే, గుండు నాలుగు వేళ్లు పైకి పోతుంది.

అన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎటో చూస్తూ అన్నాడు.

"ఇక్కడే ఉండిపోరా. నా కళ్లు మందగించాయి. షాపు నువ్వు చూసుకో."

"చూద్దాంలే అన్నా."

"చూద్దాం అంటే వెళ్లిపోతావని."

ఆకురాయి బీరువా తాళం వేశాడు. ఈ చుక్కతో అన్న పేరు పోతుంది. పేరు పోయినా మనిషి మిగులుతాడు అనుకున్నాడు. ఆ మిగలడం కోసమే ఇదంతా.

*

ఆదివారం పొద్దున పది గంటలు. నలభై లేన్లు. నలభై మంది బోర్లా పడుకున్నారు. నెమలిది చిట్టచివరి లేను. టార్గెట్ల వరస పక్కనే కాంక్రీటు గది ఒకటుంది. అతిథులు అందులో కూర్చుని గుండ్లు పడటం దగ్గర్నుంచి చూస్తారు. దాని కిటికీకి దళసరి అద్దం ఉండాలి. తుడవడానికని ఎవరో ఆ పొద్దునే తీశారు. చివరి లేను నుంచి మాత్రమే ఆ కిటికీ సన్నగా, అరచేయంత ఎత్తున కనిపిస్తుంది. గుండు నాలుగు వేళ్లు పైకి పోతే తగిలేది కాంక్రీటుకే.

రాయబారి లోపలికెళ్లి కూర్చున్నాడు. ఆకురాయి చెవులకు చప్పుడు ఆపే మఫ్లు పెట్టుకున్నాడు. అందులో వైర్‌లెస్ ఉంది, అవతల చీఫ్ ఉన్నాడు.

"పేలగానే కోచ్‌ను పట్టేస్తాం. నువ్వు కదలకు."

విజిల్ పడింది. పోటీకి ముందు ప్రతి షూటరూ లెక్కలోకి రాని ఐదు గుండ్లు కాల్చి రైఫిల్ ఎలా ఉందో చూసుకుంటారు. రేంజ్ అంతా బఠాణీలు వేగినట్టు చిటపటలాడింది. ఆకురాయి స్టాండు మీది స్కోపును నెమలి టార్గెట్ కార్డు వైపు తిప్పాడు. మొదట్లో ఒకటి రెండు కుదిరినా తర్వాతవి పైకి పాకి ఉండాలి.

ఒకటే రంధ్రం ఉంది. నడి మధ్యన. ఐదు గుండ్లూ దాంట్లోంచే పోయాయి.

స్కోపు వదిలి అన్న వైపు తిరిగాడు. అన్న రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని తృప్తిగా నిలబడి ఉన్నాడు. ఆకురాయి అతని చెవి మఫ్ ఎత్తి, పొద్దున రైఫిల్‌ను ఏమన్నా చేశావా అని అడిగాడు.

అన్న కొంచెం మొహమాటపడ్డాడు. "కాగితం లాగితే ఆగిందిరా. బ్యారెల్ కింద గమ్ చుక్క. నువ్వు సరిగా తుడవలేదు. గీకేశాను."

"నువ్వెప్పుడూ మళ్లీ చూడవుగా?"

"నువ్వు పోయాక నా కళ్ల మీద నమ్మకం పోయింది. అప్పట్నుంచీ ఇచ్చేముందు ఇంకోసారి లాగి చూస్తున్నా. ఆ మేడమ్ ముందు నిన్ను అనడమెందుకని ఊరుకున్నా."

పదకొండేళ్ల కిందటి అన్నను లెక్కలో పెట్టుకుని వచ్చాడు ఆకురాయి. మనిషి మారాడు. అదీ తన వల్లే మారాడు.

నెమలి వైపు చూశాడు. ఆమె అప్పుడే తన స్కోపులోంచి కన్ను తీసింది. ఆ ఒక్క రంధ్రాన్ని ఆమె కూడా చూసింది. తప్పుతుందనుకున్న రైఫిల్ తప్పడం లేదని ఈ రేంజ్‌లో అందరికన్నా ముందు తెలిసింది ఆమెకే. దగ్గుతో ఆగిపోవచ్చు, ట్రిగ్గర్ పట్టేసిందనొచ్చు, చెయ్యెత్తొచ్చు. ఆమె ఇంకో తూటా పెట్టి బోల్టు మూసింది. బ్యారెల్ మూతి వెంట్రుకవాసి పక్కకు జరిగింది, కిటికీ వైపు.

"చీఫ్, రైఫిల్ కరెక్ట్‌గా ఉంది. ఆమె వాళ్ల మనిషి."

"కన్ఫర్మ్ చెయ్యి."

అప్పటికే అతను పరుగెత్తుతున్నాడు. నలభై లేన్ల వెనకనుంచి కుర్చీలు, పెట్టెలు, కాళ్లు దాటుకుంటూ పరుగెత్తాడు. కోచ్ ఇటు తిరిగి చెయ్యి కోటులో పెట్టాడు. ఆకురాయి అతన్ని భుజంతో గుద్దేసి, నెమలి మీదుగా దూకి, ఎడం చేత్తో బ్యారెల్‌ను నేలకు అదిమాడు. కుడి చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకునే వ్యవధి లేదు. అది మూతి ముందు పడింది.

ట్రిగ్గర్ పుటుక్కుమంది. అన్న దిద్దినట్టే, ముందూ వెనకా ఈడ్పు లేకుండా.

గుండు అరచేతిలోంచి దిగి మట్టిలో కూరుకుపోయింది. కిటికీలో రాయబారి ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

"కన్ఫర్మ్ చెయ్యమన్నాను," అంది చెవిలో గొంతు.

*

ఒప్పందం మీద సంతకం పడింది. కోచ్ దొరికాడు. నెమలి లేచి దుమ్ము దులుపుకుని, చేతులెత్తి, మన వాళ్ల కోడ్ మాట మన వాళ్లకే చెప్పింది. ఆకురాయి తొందరపడకపోతే తానే ఆపేదాన్నని రిపోర్టు రాసిచ్చింది. ఆ రిపోర్టులోనే, మేస్త్రి మీద తనకు మొదట్నుంచీ అనుమానమని కూడా రాసింది.

చీఫ్ ఆసుపత్రికి మెడల్ పెట్టె తెచ్చాడు. ఆకురాయి జరిగిందంతా చెప్పాడు, ఆమె చూసిన రంధ్రం సంగతితో సహా. చీఫ్ ఓపిగ్గా విన్నాడు. ఆమె దొంగ అయితే ఐదేళ్లుగా ఆమె ఇచ్చిన ప్రతి కాగితమూ దొంగదే. వాటి మీద సంతకం పెట్టిన వాళ్లందరూ వెర్రివాళ్లే. అందులో ఒకడు ఈ మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఇదంతా నోటితో అనకుండా, పళ్లబుట్ట సర్దుతూ అర్థమయ్యేలా చేశాడు.

"మరి మా అన్న?"

చీఫ్ ల్యాబ్ వాళ్ల కార్డు చూపించాడు. యాభై మీటర్లు, పది గుండ్లు, ఒకటే రంధ్రం. "ఇంత పని తెలియక చేశాడంటే జడ్జి నమ్మడు. పైగా, పొద్దున చివరిసారి సరిచేసింది నేనేనని తన నోటితో చెప్పాడు."

"చుక్క పెట్టింది నేను."

"ఆ చుక్క ఏ ఫైల్లోనూ లేదు."

అన్నకు తొమ్మిదేళ్లు వేశారు. జైల్లో వల అవతల కూర్చుని, ముందు తమ్ముడి కుడి చేతి కేసి చూశాడు. వేళ్లు మూడు ముడుచుకోవడం లేదు. ఆకురాయి పట్టే చెయ్యి కాదిక.

ఆకురాయి చెప్పాల్సిందంతా చెప్పాడు. గమ్ చుక్కతో మొదలుపెట్టి, ఏదీ దాచలేదు.

"నాకు చెప్పుంటే అయిపోయేదిగా?"

"చెబితే ఆ చుక్కను ఉండనిచ్చేవాడివా?"

అన్న ఆలోచించాడు. అబద్ధం ఆడలేని మనిషికి ఆలోచనే ఆలస్యం. "వేరే పాత రైఫిల్ ఏదన్నా ఇచ్చేవాణ్ణి. అంత మంచిదాన్ని పాడుచెయ్యడమేంట్రా?"

ఆ తర్వాత వదిన ఎలా ఉందని అడిగాడు. మాట్లాడటం మానేసిందని చెప్పాడు తమ్ముడు. గిన్నెలతో కూడానా అని అడిగాడు అన్న. కూడా అన్నాడు.

జైలరు మంచివాడు, పనితనం తెలిసినవాడు. అన్నను ఊరికే కూర్చోబెట్టలేదు. గోడల మీది కాపలావాళ్ల రైఫిళ్లన్నీ ఒక్కొక్కటిగా బాగుచేయిస్తున్నాడు. ఇప్పుడు అక్కడ అందరి గురీ కుదిరిందట. తప్పించుకోవాలనే ఆలోచన ఆ జైల్లో ఎవడికీ రావడం లేదు.