మామ చేతి ఉప్పు

ఆదివారం పొద్దున ఆరున్నరకు పార్థసారథి గంగాళంలో అన్నం ఆరబోసి, పులుసు పోసి, రెండు చేతులతో పులిహోర కలుపుతున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు అహోబిలం గుడి వంటశాలలో పొయ్యి ముందు నిలబడి, మోకాళ్లు మొరాయించాక ఆళ్లగడ్డలో కొడుకు ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకుంటాడా? కోడలు కమలిని ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి టిఫిన్లు అమ్ముతుంటే, ఇడ్లీ, ఉగ్గాని నీవి, పులిహోర, చక్కెర పొంగలి నావి అని పొయ్యి పంచుకున్నాడు. కొండకు పోయే జీపులవాళ్లు, హైదరాబాదు నుంచి కార్లలో వచ్చే యాత్రికులు ఆ పులిహోర కోసమే ఆగుతారు.

ఆయనకొక నియమం ఉంది. వండింది ఏదైనా సరే, స్వామికి చూపించేదాకా నాలిక మీద వేసుకోడు, ఇంకొకరిని వేసుకోనివ్వడు. ముందే రుచి చూస్తే ఎంగిలి. ఉప్పూ కారమూ చేతి కొలతే. కలపడం అయ్యాక పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని, తులసిదళం కోసుకొచ్చి గంగాళం మీద వేసి, గోడమీది నరసింహస్వామి పటానికి చూపిస్తాడు. ఆ వెంటనే గంటె పట్టుకుని వడ్డనకు బయలుదేరతాడు.

ఆయన పెరట్లోకి పోయి వచ్చే ఆ మూడు నిమిషాల్లోనే కమలిని రోజూ ఒక పాపం చేస్తోంది.

మాఘమాసంలో ఒకరోజు జీపు డ్రైవర్ ఓబులేసు ఆమెను పక్కకు పిలిచాడు. "అక్కా, మీ మామకు చెప్పాకు. పులిహోర ఉప్పు కషాయమైంది" అన్నాడు. మర్నాడు చూస్తే అసలు ఉప్పే లేదు. అప్పటి నుంచి ఆమె ఒక గిన్నెడు ఉత్త అన్నం దాచిపెట్టుకుని, మామ అటు పోగానే చెంచాతో రుచి చూసి, ఎక్కువైతే అన్నం, తక్కువైతే ఉప్పు కలిపేస్తోంది. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకుందో. తెల్లారకముందే స్నానం చేసి, తడి పంచెతో పొయ్యి ముట్టించే మామ ముఖంలో సంబరం చూస్తే నోరు వచ్చేది కాదు.

ఈరోజు ఆయన భుజం మీది కండువా మరిచిపోయి, సగం దారిలో వెనక్కి వచ్చాడు. చెంచా కమలిని నోట్లో ఉంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఏం లేదు మామా. ఊరికే..."

"ఇంకా స్వామికి చూపియ్యలేదు గదా. ఇదే మొదటిసారా?"

కమలిని అబద్ధం ఆడలేకపోయింది. "మూడు నెలలాయ మామా."

"మూడు నెలలు నా చేత స్వామికి ఎంగిలి పెట్టిచ్చినావా తల్లీ?" ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

"ఉప్పు తప్పుతాంది మామా. ఒకనాడు రెండింతలు, ఒకనాడు లేనే లేదు. జనం మిమ్మల్ని ఒక మాట అంటే నేను తట్టుకోలేను."

"నలభై ఏండ్లు గుళ్లో తప్పని చెయ్యి, నీ ఇంటికొచ్చి తప్పిందా?"

నంద్యాలలో విత్తనాల కంపెనీలో పనిచేసే కొడుకు ముకుంద్‌కు ఆ రోజు సెలవు. మాటలు విని లోపలికి వచ్చాడు. "ఏందీ గొడవ? బయట జనం వింటాండారు."

"నీ పెండ్లాన్నే అడుగు రా. సాయంత్రం జీపుకు నేను అహోబిలం పోతా. నా చేతి మీద నమ్మకం లేని చోట నాకేం పని?" అని పార్థసారథి తన గదిలోకి వెళ్లి సంచిలో పంచెలు సర్దుకున్నాడు.

ఆ పూట పులిహోర బల్లల మీదికి రాలేదు. కమలిని కళ్లు తుడుచుకుంటూ ఇడ్లీలు వడ్డించింది. ఓబులేసు ఉగ్గానితో సరిపెట్టుకుని లేచాడు. మధ్యాహ్నం ముకుంద్ బతిమాలి తండ్రిని పీట మీద కూర్చోబెట్టాడు.

"పొద్దున నేను కలిపిందే పెట్టమ్మా. దాంట్లో నువ్వింకా ఏమీ కలపలేదు గదా. తప్పు యాడుందో నేనే చూస్తా."

"అది వద్దు మామా." పొద్దున చెంచా నోట్లో పెట్టుకున్న కమలినికి అదెలా ఉందో తెలుసు.

"పెట్టమంటే పెట్టు."

ఎంగిలైనదాన్ని స్వామికి చూపించలేక, ఆయన పటానికి ఒట్టి దండమే పెట్టి మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "ఏం తక్కువైందమ్మా దీనికి? బ్రహ్మాండంగా ఉంది" అంటూ మూడో ముద్ద కలిపాడు.

పక్కన కూర్చున్న ముకుంద్ తన ఆకులోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అంతే, మింగలేకపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కమలిని తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తండ్రి మాత్రం నాలుగో ముద్ద తింటూ, కొడుకు ముఖం చూసి ఆగాడు.

"ఎక్కువైందా రా?" అన్నాడు మెల్లగా.

ముకుంద్ చెంబు ఎత్తి నీళ్లు తాగాడు.

"చెప్పు రా. నాకు తెలీడంల్యా." పార్థసారథి చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. "మాఘంలో జ్వరమొచ్చింది చూడు, ఆ పొద్దు నుంచి నాలిక మీద ఏం పెట్టినా మట్టే. రోజూ ప్రసాదం రుచితోనే మర్నాటికి చెయ్యి సరిచేసుకునేవాణ్ణి, ఇప్పుడు చెయ్యీ తప్పింది. చెప్తే ఏమంటారు? వయసైంది, మూల కూచో అంటారు. మీ అమ్మ పోయినాంక నన్ను నిలబెట్టింది ఆ పొయ్యే. అది గూడా పోతే నేను ఎందుకు రా?"

కమలిని వచ్చి ఆయన పక్కన నేల మీదే కూలబడింది. "మిమ్మల్ని కూచోమనేది ఎవురు మామా? మీరు లేంది ఈ పొయ్యి నాకెందుకు? ఎంగిలి చేసిన పాపం నాది. స్వామికి చెప్పండి, నా లెక్కలోనే రాసుకోమని."

"నీదేం పాపం తల్లీ. నువ్వే లేకుంటే మూడు నెలలు ఆయన నోట్లో ఉప్పుగల్లు పోసేవాణ్ణి" అని ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎడమచేత్తో కోడలి తల నిమురుతూ ఏడ్చేశాడు.

"రేపు సెలవు పెడతా నాయనా. నంద్యాలలో డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు ముకుంద్.

"చూపిద్దువులే. టిఫిన్లు అయినాంక పోదాం."

ఆ మాట వినగానే కమలిని లేచి వెళ్లి, సంచిలోని పంచెలన్నీ తీసి మళ్లీ దండెం మీద వేసింది.

సోమవారం ఆరున్నరకు గంగాళంలో పులిహోర సిద్ధమైంది. పార్థసారథి తులసిదళం వేసి, పటానికి చూపించి, రోజూ కంటే కొంచెం ఎక్కువసేపే కళ్లు మూసుకున్నాడు. తర్వాత గంటె తీసుకోలేదు. చిటికెడు పులిహోర ఆకు ముక్కలో పెట్టి కోడలికి అందించాడు.

"ఇప్పుడిది ప్రసాదం. ఎంగిలి గాదు. తిని చెప్పమ్మా."

కమలిని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. మామ పరీక్ష రాసిన పిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

"ఉప్పే లేదు మామా."

"తెలుసు. వెయ్యాలంటే భయమేసింది. కోడలు చూసినాంక సరిచేస్తానని స్వామికి చెప్పుకున్న్యా." ఉప్పు డబ్బా ఆమె ముందుకు జరిపాడు. "ఇంక నువ్వే వెయ్యి."

కమలిని డబ్బా మూత తీసింది. కానీ ఉప్పు వేయలేదు. ఆ డబ్బాను మామ చేతికే తిరిగి ఇచ్చింది.

"మీ చేత్తోనే వెయ్యండి. నేను పక్కనే ఉండి చెప్తా."

ముడతలు పడిన ఆ వేళ్లు డబ్బాలోకి దిగాయి. ఒక చిటికెడు పడింది. ఆయన కలిపాడు, ఆమె రుచి చూసింది.

"ఇంకొంచెం మామా."

బయట ఓబులేసు జీపు వచ్చి ఆగింది. పార్థసారథి అటు చూడలేదు. ఇంకో చిటికెడు వేసి, అంచుల దాకా కలిపి, కోడలి వైపు తిరిగాడు.

"చాలామ్మా?"

"చాలు మామా. వడ్డించండి."