బట్లహళ్ళి రేడియో పేజీలో దొంగ

మొదట్లో పురుషోత్తం చేతిలో ఉన్నది ఒక ప్రింటవుట్. అంతే.

అది ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో బట్లహళ్ళి కమ్యూనిటీ రేడియో పేజీ. రాసింది అతనే, కాపాడుతున్నదీ అతనే. ఊరికి దగ్గర్లోని చింతామణిలో అతనిది శనక్కాయల వ్యాపారం. అంగడి మూశాక పక్కనున్న సైబర్ సెంటర్‌లో కూర్చుని తప్పులు దిద్దేవాడు. ఆధారం చూపలేని ముక్కను చేర్చేవాడు కాదు.

సోమవారం ఆ పేజీలోంచి ఒక మనిషి మాయమైంది. రేడియో స్థాపించిన చౌడమ్మ. అతని అక్క.

ఆమె పేరున్న చోట కొత్త వాక్యాలు. "పాటలన్నీ ఊరి ఆడవాళ్ల దగ్గర దొంగిలించినవి. స్టేషన్ మూతపడింది."

కొత్త ట్రాన్స్‌మిటర్ ఇస్తామన్న బెంగళూరు సంస్థ అది చదివింది. మూసేశారట కదా అని ఫోన్ చేసింది. శనివారం లోపు నిజం తేలకపోతే యంత్రం వేరే ఊరికి పోతుంది.

పురుషోత్తం పాత మాటలు తిరిగి పెట్టాడు. మళ్ళీ చెరిపేశారు.

చౌడమ్మ మైకు ముందు కూర్చోవడం మానేసింది.

"ఇడిసిపెట్టప్పా," అంది.

"నిన్ను దొంగ అన్నోన్ని ఇడిసిపెట్టి నేను అన్నం తినేది ఎట్లక్కా?"

ఎడిట్ హిస్టరీలో పేరు లేదు. ఏ కనెక్షన్ నుంచి రాశారో చెప్పే ఐపీ నంబర్ ఉంది. ఆ నంబర్ అతనికి తెలుసు. తను లాగిన్ కావడం మరిచిన రోజుల్లో పడేది అదే. అంటే అదే సైబర్ సెంటర్.

ఓనర్‌ని అడిగాడు. సోమవారం రేడియోకి సంబంధించినవాళ్లు ముగ్గురు వచ్చారని చెప్పాడు. టెక్నీషియన్ అంబరీష్. అనౌన్సర్ ఆశా. స్టేషన్‌కి రూము అద్దెకిచ్చి, ఖాళీ చేయమంటున్న మునికృష్ణప్ప.

ప్రింటవుట్ మళ్ళీ చదివాడు. ఒక చిన్న మార్పు ఇంతవరకు కంటపడలేదు. "ఏరియల్ ఇనుప స్తంభం మీద ఉంది" అని తను రాశాడు. ఇప్పుడు "ఎండిపోయిన బోరు కేసింగ్ పైపు మీద ఉంది" అని ఉంది.

శుక్రవారం స్టేషన్ రూములో అందరినీ కూర్చోబెట్టాడు.

"బయట ఏరియల్ ఉండే కంబం ఏందమ్మా, ఆశా?"

"టెలిఫోన్ కంబం గదా అన్నా."

"నువ్వు చెప్పప్పా, మునికృష్ణప్పా."

"నా రూము నాకిస్తే చాలు. మీ కంబం ఏదైతే నాకేల?"

"అంబరీష్?"

"అంగట్లో కొన్నదన్నా. కొత్త పైపు."

"పెయింట్ యాడ పూసినావు?"

"మా ఇంటికాడ."

"అక్కా, ఈడికి తెచ్చినప్పుడు ఎట్లుండె?"

"తెల్లగా, పెళ్ళికొడుకు మాదిరి ఉండెప్పా."

పురుషోత్తం జేబులోంచి తెల్ల పెయింటు పెళ్ళలు తీసి బల్ల మీద పోశాడు.

"రెండు ముక్కలు కలిసే చోట గీకినా. లోపల బోరు కేసింగ్‌కుండే మరలు ఉండాయి. పేజీ చెడగొట్టినోడు అన్నీ అబద్ధాలే రాసి, నడాన ఒక నిజం రాసినాడు. ఆ నిజం పెయింట్ పూసినోనికి తప్ప ఇంకెవరికీ తెలీదు."

అంబరీష్ తల వంచుకున్నాడు.

"బాగేపల్లి కాడ మా నాయన బోరు ఫెయిలాయె. ఆ పైపు పీకి తెచ్చినా. నీళ్లు పడనోళ్లని నవ్వుతారని కొన్నానని చెప్తి. ఇంత చేస్తే, మైకు ఆశాకిచ్చిరి. ఆ కోపంతో అన్నీ రాస్తి, మా పైపు మాట ఒక్కటైనా ఉండల్లని అదీ రాస్తి."

"అడిగింటే నీకూ ఇచ్చిందును గదప్పా," అంది చౌడమ్మ.

పురుషోత్తం ఫోన్ అతని ముందుకు తోశాడు.

"బెంగళూరుకు చెయ్. స్పీకర్ వెయ్. ఏం రాసినావో నీ నోటితోనే చెప్పు. అందరూ ఇనల్ల."

అంబరీష్ చెప్పాడు. ప్రతి ముక్కా చెప్పించాడు పురుషోత్తం.

లేచేటప్పుడు అంబరీష్ అడిగాడు. "అన్నా, ఆ పైపు మాదని ఒక్క మాట పేజీలో పెడతావా?"

"పైపుకు ఫోటో ఉండాది. పెడతా. ఇచ్చినోని పేరు ఏ పేపర్లో ఉండాది?"

ఏ పేపర్లోనూ లేదు.

శనివారం ట్రాన్స్‌మిటర్ దిగింది. వెంట వచ్చిన పేపరు విలేకరి స్తంభం చూసి, ఇదెవరిచ్చారమ్మా అని అడిగాడు. చౌడమ్మ తమ్ముడి వైపు చూసింది. అంబరీష్ జనం వెనకనుంచి మెడ చాచాడు.

"మా ఊరోళ్లు," అంది చౌడమ్మ. మైకు దగ్గరికి నడిచింది.

ఆ సాయంత్రం పురుషోత్తం లెక్క చూసుకున్నాడు. అక్క పేరు తిరిగొచ్చింది. యంత్రం వచ్చింది. పేజీలో స్తంభం గురించి తను రాసిన ఒక తప్పు తగ్గింది. అంబరీష్‌కు స్తంభం మిగిలింది, దాని మీద పేరు లేకుండా.