పేరు రాసిన ఐదో పళ్ళెం

మిట్టమధ్యాహ్నం, ఆదివారం, చుట్టూ యాభైమంది పిల్లల గోల. ఇలాంటి చోట భయపడాల్సింది ఏముంటుందని రాధాకుమారి అనుకుందంటే తప్పు ఆమెది కాదు. భయానికి చీకటి కావాలని మనమంతా అనుకునేదే. ఆ రోజు ఆమె దిగులల్లా రెండింటి గురించే. కూతురు హేమ కొత్త గౌను వానకి తడవకూడదు, అత్తగారు సూరమ్మకి టాక్సీలో కడుపు తిప్పకూడదు.

రెండూ జరిగాయి. బర్మాలోని రంగం నగరంలో తాముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో బయలుదేరి ఇన్సేన్ దాటేసరికి వాన దంచికొట్టింది. గౌను అంచు బురదైంది, సూరమ్మ రెండుసార్లు టాక్సీ ఆపించింది. అయినా హేమ ముఖంలో వెలుగు తగ్గలేదు. ఏడో పుట్టినరోజు మరి! సరస్సు పక్కన కొత్తగా వెలిసిన పార్కు, దాని రిసార్టు, అందులో కథల్లోని రాకుమార్తెలూ జంతువులూ బల్లల దగ్గరికొచ్చి పలకరించే హోటలు... ఆరు నెలలుగా దానికి ఇదే పాట.

నిజానికి ఆ పాట మొదలెట్టింది హేమ కాదు, దాని అన్న హరి. పార్కు కట్టకముందే, రోడ్డు మీద బోర్డు పెట్టిన రోజునుంచే, "ఎలుగుబంటిని చూడాలి" అని ప్రాణం తోడేసేవాడు. మూడేళ్ళ కిందట ఇలాంటి వానల్లోనే డెంగీ జ్వరమొచ్చి ఐదు రోజుల్లో పోయాడు. అన్న వయసు ఆరు దగ్గరే ఆగిపోయింది. చెల్లెలు ఇవాళ దాన్ని దాటేసింది.

ఆ తరవాత ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. అది సూరమ్మ పెట్టిన కట్టడి. తాతలు విశాఖలో ఓడెక్కి రంగం రేవుకి కూలికొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆనవాయితీ ఒకటి ఆ ఇంట్లో ఇంకా నడుస్తోంది. మంచి రోజున బంతి సాగితే, ముందు పోయినవాళ్ళకి వడ్డించాలి. అన్నీ కొంచెం కొంచెం పెట్టి, చుట్టూ నీళ్ళు తిప్పి, "తిని ఎల్లు" అనాలి. పేరు మాత్రం పలకకూడదు. పేరు పెట్టి పిలిస్తే, వచ్చినవాళ్ళు ఇంక వెళ్ళరట.

హోటలు లోపల గోడలన్నిటి మీదా అడవి బొమ్మ. పైనుంచి కాగితం తీగలు వేలాడుతున్నాయి. చెట్ల బొమ్మల మధ్య రెండు చిన్న తలుపులు, పిల్లలు దూరేటంత. నెయ్యి వాసన, వేపుడు కోడి వాసన, వానకి చెమ్మెక్కిన తివాచీ వాసన. రాధ భర్త కృష్ణకుమార్ కూర్చోగానే ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు.

"ఇంకో పళ్ళెం ఎట్టమను," అంది సూరమ్మ మెల్లగా.

"ఇక్కడా, అత్తా?"

"ఇక్కడైతే ఏటి? ఆడికి మాత్రం ఆకలుండదా?"

వడ్డించే అమ్మాయి మ ఖిన్ నవ్వుతూ ఐదో పళ్ళెం తెచ్చింది. తెచ్చి, ఆ చోటి పద్ధతి బర్మా భాషలో వివరించింది. పిల్లల పళ్ళేల ముందు పేరు రాసిన అట్టముక్క పెడతారు. ఆ అట్ట చూసి ఒక వేషం వస్తుంది, పేరు మూడుసార్లు పిలుస్తుంది. మూడో పిలుపుకి పిల్ల లేచి పలకాలి. అప్పుడు వేషం పిల్లని ఒక అడవి తలుపులోంచి తీసుకెళ్ళి, రెండో తలుపులోంచి కాగితం కిరీటంతో బయటికి తెస్తుంది.

"ఈ పాప పేరు?"

"హేమ."

"మరి ఈ పళ్ళెం ఎవరిది?"

రాధ అత్తగారి వైపు చూసింది. సూరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఆమెకి బర్మా మాట వచ్చుగానీ చదవడం రాదు. మూడేళ్ళు! కన్నతల్లి మూడేళ్ళపాటు బిడ్డ పేరు గొంతులోనే నొక్కేసుకుంటే ఎలా ఉంటుందో ఆ కట్టడి పెట్టినవాళ్ళకేం తెలుసు? ఎవరో ఒకరు, పరాయివాళ్ళయినా సరే, ఆ పేరు పైకి అంటే వినాలనిపించింది. ఒక్కసారి. అంతే.

"హరి," అని మ ఖిన్ చెవిలో చెప్పింది.

సూరమ్మ వంగి పళ్ళెంలో అన్నం, కోడి ముక్క, బఠాణీలు పెట్టి నీళ్ళు తిప్పింది. "తిని ఎల్లు నాయనా," అని కళ్ళొత్తుకుంది. అట్టముక్కని పక్కకి జరిపిందే గానీ చూడలేదు.

ముందు కుందేలు వచ్చింది. హేమని మూడుసార్లు పిలిచింది. హేమ ఎగిరి గంతేసి "షిన్!" అంది. బర్మా ఆడపిల్లలు పిలుపుకి పలికేది అలాగే. మొదటి తలుపులో దూరింది, రెండో తలుపులోంచి కిరీటంతో వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతవరకూ ఏ తేడా లేదు.

అప్పుడు కరెంటు పోయింది.

జనరేటరు అందుకునేలోపు అర నిమిషం పట్టి ఉంటుంది. పగలే కాబట్టి మరీ చీకటి కాదు, వాన మబ్బు వెలుతురు. ఆ మసకలో రాధకి ముందు వాసన తగిలింది. ఆరని బట్టల వాసన. దాని అడుగున ఇంకోటి... హాస్పిటల్ వరండాలో ఐదు రోజులు పీల్చిన ఫినాయిల్.

దీపాలు వెలిగాయి. ఐదో పళ్ళెం ముందు ఎలుగుబంటి నిలబడి ఉంది.

చిన్నది. ఆరేళ్ళ పిల్లాడంత. బొచ్చులోంచి నీళ్ళు కారుతున్నాయి. నోటి దగ్గర నల్లటి వల. వల వెనక ముఖమున్న జాడ లేదు.

"హరి," అంది. పిల్లాడి గొంతు కాదు, పెద్దవాళ్ళ గొంతూ కాదు.

సూరమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"హరి."

రాధ గుండె ఒక్కసారి పొంగింది. సిగ్గువిడిచి చెప్పాలంటే, ఆ క్షణాన ఆమెకి సంతోషమే కలిగింది. ఆ తరవాతే ఒళ్ళు చల్లబడింది.

"ఎవురూ పలక్కండి..." సూరమ్మ గుసగుసలాడింది. "ఓలమ్మో, పలక్కండే..."

"హరి."

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! హేమకి అదంతా ఆట. అన్న కుర్చీ ఖాళీగా ఉంది, ఎలుగుబంటి పాపం ఎదురుచూస్తోంది. లేచి నిలబడి, మగపిల్లలు పలికే మాట అచ్చం మగపిల్లాడిలాగే పలికింది.

"ఖమ్యా!"

తడి చెయ్యి హేమ చెయ్యి పట్టుకుంది. తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

రాధ రెండో తలుపు దగ్గరికి పరిగెత్తింది. ఒక నిమిషం... రెండు... ఎవరూ రాలేదు. తలుపు లాగింది. రాలేదు. మ ఖిన్ పరుగున వచ్చింది.

"ఎలుగుబంటి తీసుకెళ్ళింది! ఎక్కడికి తీసుకెళ్ళింది?"

మ ఖిన్ తెల్లబోయింది. "ఎలుగుబంటా? ఆ వేషం తడిసిపోతే నిన్ననే వెనకాల తీగ మీద ఆరేశాం అక్కా. ఇవాళ ఎవరూ వేసుకోలేదు."

అంతలో వెనక ఏదో కిర్రుమంది. మొదటి తలుపు. వెళ్ళిన తలుపులోంచే హేమ వచ్చింది. కిరీటం లేదు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది. రాధ బిడ్డని వాటేసుకుని బావురుమంది. చేతులు మంచులా ఉన్నాయి. హేమ విడిపించుకుని, నడిచి వెళ్ళి, తన కుర్చీలో కాదు... ఐదో పళ్ళెం ముందు కూర్చుంది.

ఎడమచేత్తో తినడం మొదలుపెట్టింది. బఠాణీలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టింది.

ఎడమచేత్తో తింటున్నాడని ఆ ఇంట్లో దెబ్బలు తిన్నది ఒక్కడే.

సూరమ్మ అట్టముక్క తీసి కొడుకు ముందు పెట్టింది. "ఏటి రాసుందిరా?"

కృష్ణకుమార్ చదివాడు. వీడియో ఆపేశాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. పిల్ల ఒళ్ళు ఇంకా చల్లగానే ఉందని మందు తేవడానికి కృష్ణకుమార్ సందు చివరికి వెళ్ళాడు. రెండో అంతస్తు మెట్లెక్కి రాధ, సూరమ్మ లోపలికి వెళ్ళారు. పిల్ల గడప బయటే నిలబడిపోయింది.

"పేరెట్టి పిలు," అంది సూరమ్మ. "మన హేమైతే గడప దాటతాది."

"హేమా."

కదల్లేదు.

"హేమా, రామ్మా."

ఇంకెవరినో పిలుస్తున్నట్టు పిల్ల మెట్ల వైపు తిరిగి చూసింది.

"హేమా!"

పిల్ల తల్లి కళ్ళలోకి చూసి నవ్వింది. ఓపిగ్గా, ఎన్నాళ్ళయినా ఉండగలనన్నట్టు నవ్వింది. బిడ్డని గుమ్మం బయట రాత్రంతా ఎలా వదిలేయడం? ఆ ఒళ్ళు హేమదే కదా! రాధ నోరు తనకు తెలియకుండానే తెరుచుకుంది.

"వద్దే కోడలా..."

"హరీ."

"ఖమ్యా!"

ఒక్క గెంతులో లోపలికొచ్చి నడుం చుట్టేసింది. కడుపులో ముఖం దాచుకునే ఆ తీరు... మూడేళ్ళ తరవాత. రాధ కళ్ళు మూసుకుంది. చేతులు వాటంతటవే ఆ తడి జుట్టు మీదకి వెళ్ళాయి. కన్నీళ్ళు ఆగలేదు. సూరమ్మ గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయింది.

ఫోను మోగింది. మ ఖిన్. బల్ల బుక్ చేసినప్పుడు ఇచ్చిన నంబరు.

"అక్కా, మీ పాప ఇంటికొచ్చేసిందిగా?" గుసగుసగా అడిగింది. వెనకాల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. "హోటలు మూసేస్తున్నాం. అడవి తలుపుల మధ్య గోడలోంచి ఇందాక ఒక ఆడపిల్ల పలికింది. ఎవరూ పిలవలేదు. అయినా మూడుసార్లు షిన్, షిన్, షిన్ అంది. గోడ పగలగొట్టి చూస్తున్నాం, లోపల ఏమీ లేదు..."

రాధ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"ఇప్పుడు ఏడుస్తోంది అక్కా. అమ్మ పిలవడం ఎందుకు మానేసిందని అడుగుతోంది. ఫోను గోడకి ఆనిస్తున్నా..."

సుత్తి చప్పుడు ఆగింది. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో ముక్కు ఎగబీల్చిన శబ్దం. రాధ పిలవడానికి నోరు తెరిచింది.

నడుం పట్టుకున్న పిల్ల తలెత్తి, ఎడమచెయ్యి చాచి ఆమె నోరు మూసింది. గట్టిగా. ఏడేళ్ళ చేతికి ఉండాల్సిన బలం కాదది. ఆ వేళ్ళ సందుల్లో తడిసిన గోధుమరంగు బొచ్చు ఉంది.